కాక్‌పిట్ ఉపగ్రహ వాతావరణ పటం

కాక్‌పిట్ ఉపగ్రహ వాతావరణ పటం అనగా, ఎగురుతున్న విమానంలోని పైలట్‌కు దారిలో వానలు, ఉరుముల మేఘాలు ఎక్కడ ఉన్నాయో రంగులలో చూపించే తెర. నేల మీది రాడార్లు సేకరించిన సమాచారాన్ని ఒకచోట కూర్చి, ఉపగ్రహం ద్వారా ప్రసారం చేస్తారు. విమానంలోని గ్రాహకం దానిని అందుకొని జీపీఎస్ పటం మీద పరుస్తుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 2000 దశకపు తొలి సంవత్సరాలలో ఈ సౌకర్యం చిన్న విమానాలకు అందుబాటులోకి వచ్చింది. సొంత రాడార్ లేని విమానాల పైలట్లకు వందల కిలోమీటర్ల ముందున్న వాతావరణాన్ని చూసే అవకాశం దీని వల్లనే మొదటిసారిగా కలిగింది. అయితే తెరపై కనిపించేది కొన్ని నిమిషాల క్రితపు ఆకాశమే గాని ఇప్పటి ఆకాశం కాదు. ఈ తేడాను గుర్తించకపోవడం వలన ప్రాణనష్టం జరిగిన సందర్భాలున్నాయి. అందువల్ల పటం ఎలా తయారవుతుంది, దాని వయసు ఎంత అనే విషయాలు దానిని చదవడంలో ముఖ్యమైనవి.

పేరు గురించి

ఉపగ్రహ వాతావరణం అనే వాడుక కొంత పొరపాటుకు దారితీస్తుంది. దూరదర్శన్ వార్తలలో చూపించే మేఘాల చిత్రాలు ఉపగ్రహం పైనుండి తీసినవి. కాక్‌పిట్ తెర మీది వాన చిత్రం అటువంటిది కాదు. ఆ వానను చూసినది నేల మీది రాడార్. ఉపగ్రహం చేసే పని కేవలం మోతపని. ఉత్తరం వ్రాసినవాడు వేరు, తెచ్చి ఇచ్చే తపాలా బంట్రోతు వేరు అయినట్లే ఇక్కడ కూడా.

ఈ వ్యాసంలో గాలివాన అన్న మాటను ఉరుములు, మెరుపులతో కూడిన స్థానిక వాన అనే అర్థంలో వాడడమైనది. బంగాళాఖాతంలో పుట్టి తీరాన్ని తాకే తుఫాను వేరు. తుఫాను వందల కిలోమీటర్ల మేర విస్తరించి రోజుల తరబడి ఉంటుంది. గాలివాన కొన్ని కిలోమీటర్ల వెడల్పుతో పుట్టి, తరచుగా గంటలోపే సమసిపోతుంది. విమానాలకు ఎదురయ్యే చిక్కు చాలావరకు ఈ రెండవ దానితోనే.

గాలివాన స్వభావం

గాలివానలను విమానాలతో లోపలికి వెళ్ళి కొలిచిన తొలి పెద్ద పరిశోధన 1946, 1947 సంవత్సరాలలో అమెరికాలోని ఫ్లోరిడా, ఒహాయో రాష్ట్రాలలో జరిగింది. దీనిని థండర్‌స్టార్మ్ ప్రాజెక్ట్ అంటారు. హొరేస్ బయర్స్, రోస్కో బ్రేహమ్ అనే వాతావరణ శాస్త్రజ్ఞులు దీనిలో ప్రముఖులు. రెండవ ప్రపంచయుద్ధ కాలపు పి-61 రకం యుద్ధవిమానాలను వివిధ ఎత్తులలో మేఘాల గుండా నడిపి గాలి వేగాలను నమోదు చేశారు. గాలివాన ఒకే ముద్ద కాదని, సెల్ అనే విడి విడి భాగాలతో ఏర్పడుతుందని, ప్రతి సెల్‌కు మూడు దశలు ఉంటాయని ఈ పరిశోధన తేల్చింది.

మొదటి దశలో వేడెక్కిన తేమగాలి పైకి లేచి మేఘం పెరుగుతుంది. లోపల అంతా పైకి పోయే గాలే. రెండవది ప్రౌఢదశ. వాన బొట్లు, వడగళ్ళు బరువెక్కి పడడం మొదలవుతుంది. వాటితో పాటు చల్లని గాలి కిందికి దూసుకు వస్తుంది. ఒకే మేఘంలో ఒకవైపు పైకి, పక్కనే కిందికి వేగంగా వీచే గాలులు ఉండడం వల్ల ఈ దశ విమానానికి అత్యంత ప్రమాదకరం. మూడవ దశలో కిందికి దిగే గాలి మేఘమంతటా వ్యాపించి, మేఘం క్షీణిస్తుంది. ఒక సాధారణ సెల్ మొదటి దశ 10, 15 నిమిషాలలో ముగుస్తుంది. అనగా తెల్లని దూదిమేఘంగా కనిపించినది, పైలట్ పటం చూసి, నియంత్రకునితో మాట్లాడి, దారి మార్చుకునే లోపల ఉరుములు కురిపించే స్థితికి రాగలదు. ఈ కాలపరిమాణాన్ని గుర్తుంచుకుంటే తరువాతి విషయం సులువుగా బోధపడుతుంది.

గాలివాన లోపలి కుదుపులు విమానపు నిర్మాణాన్ని విరిచేయగలవు. వడగళ్ళు రెక్కల అంచులను, అద్దాలను దెబ్బతీస్తాయి. గడ్డకట్టే నీరు రెక్కలపై మంచుగా పేరుకుంటుంది. వీటిలో కొన్ని మేఘానికి వెలుపల కూడా ఎదురవుతాయి. మేఘపు శిఖరం నుండి గాలివాలుకు సాగే దాగలి ఆకారపు కొమ్ము కింద, స్పష్టమైన ఆకాశంలో కూడా వడగళ్ళు పడవచ్చు.

పూర్వపు పద్ధతులు

పెద్ద విమానాల ముక్కు భాగంలో సొంత రాడార్ ఉంటుంది. ఇది సుమారు 3 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యంతో పనిచేస్తుంది. చిన్న యాంటెన్నాతో సన్నని కిరణం పంపడానికి ఇంత చిన్న తరంగం అవసరం. దీని గొప్ప గుణం ఏమిటంటే ఇది చూపించేది ఈ క్షణపు వాన. దీని లోపం ఏమిటంటే దట్టమైన వాన ఈ తరంగాలను మింగివేస్తుంది. దగ్గరి వాన వెనుక అంతకంటె పెద్ద వాన ఉన్నా, అక్కడికి కిరణం చేరక, తెరపై ఆ చోటు ఖాళీగా కనిపిస్తుంది.

ఈ లోపం ఎంతటి అనర్థానికి దారితీస్తుందో 1977 ఏప్రిల్ 4న జార్జియా రాష్ట్రంలోని న్యూ హోప్ వద్ద జరిగిన ప్రమాదం తెలిపింది. హంట్స్‌విల్ నుండి అట్లాంటాకు వెళ్తున్న సదరన్ ఎయిర్‌వేస్ 242వ సర్వీసు డీసీ-9 విమానం తీవ్రమైన గాలివానలోకి ప్రవేశించింది. నీరు, వడగళ్ళు మింగిన రెండు ఇంజన్లూ శక్తిని కోల్పోయాయి. పైలట్లు రహదారి మీద దింపడానికి ప్రయత్నించారు. నేల మీది వారితో కలిపి 72 మంది మరణించారు. గాలివాన ప్రాంతాన్ని దాటడానికి విమానంలోని రాడార్ మీద ఆధారపడడాన్ని కూడా దర్యాప్తు తప్పుపట్టింది.

ఒక ఇంజనుతో నడిచే చిన్న విమానాలలో చాలావాటికి ఈ రాడార్ కూడా ఉండదు. ముక్కు భాగంలో ఇంజను ఉండడం వలన యాంటెన్నాకు చోటు లేకపోవడం ఒక కారణం, ఖరీదు మరొక కారణం. 1970లలో మెరుపుల విద్యుత్ సంకేతాలను పట్టి, దిశను, సుమారు దూరాన్ని చుక్కలుగా చూపే స్టార్మ్‌స్కోప్ అనే పరికరం వచ్చింది. అది లేనివారు రేడియోలో వాతావరణ కేంద్రాన్ని అడగడం, నియంత్రకుడు చెప్పినది వినడం, కిటికీలోంచి చూడడం తప్ప చేయగలిగినది లేదు.

నియంత్రకుని మాట మీద ఆధారపడడంలోని పరిమితికి స్కాట్ క్రాస్‌ఫీల్డ్ ప్రమాదాన్ని ఉదాహరిస్తారు. 1953 నవంబరు 20న ధ్వని వేగానికి రెట్టింపు వేగాన్ని దాటిన మొదటి మానవుడు ఈయనే. ఎక్స్-15 రాకెట్ విమానాన్ని నడిపిన పరీక్షా పైలట్ కూడా. 2006 ఏప్రిల్ 19న, 84వ ఏట, తన సెస్నా 210 విమానంలో అలబామా నుండి వర్జీనియాకు వెళ్తూ జార్జియాలో గాలివానలో చిక్కుకొని మరణించాడు. దారిలో తాజా వాతావరణ సమాచారం తీసుకోకపోవడం, ప్రతికూల వాతావరణాన్ని తప్పించడంలో నియంత్రకుడు సాయపడకపోవడం - ఈ రెండూ కారణాలని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది. అర్ధ శతాబ్దపు అనుభవం కూడా కనబడని మేఘం ముందు చాలలేదన్నమాట.

పటం తయారయ్యే విధానం

అమెరికాలో నెక్స్‌రాడ్ అనే పేరుతో సుమారు 160 డాప్లర్ రాడార్ల వ్యవస్థ ఉన్నది. వీటిలో ఎక్కువ భాగం 1990లలో నెలకొల్పబడ్డాయి. వీటి తరంగదైర్ఘ్యం సుమారు 10 సెంటీమీటర్లు. విమాన రాడార్ తరంగం కంటె ఇది మూడు రెట్లు పెద్దది కాబట్టి దట్టమైన వానను కూడా చాలావరకు దాటి వెళ్తుంది. నేల మీద పెద్ద యాంటెన్నా పెట్టుకునే వీలుండడం వల్ల ఇది సాధ్యమైనది.

రాడార్ ఒక ఎత్తులో చుట్టూ తిరిగి, యాంటెన్నాను కొంచెం పైకెత్తి మళ్ళీ తిరిగి, ఇలా పలు మార్లు తిరిగాక ఒక పూర్తి పరిశీలన అవుతుంది. గాలివానలు ఉన్నప్పుడు దీనికి సుమారు 4 నుండి 6 నిమిషాలు, వాతావరణం ప్రశాంతంగా ఉన్నప్పుడు సుమారు 10 నిమిషాలు పడుతుంది. తిరిగి వచ్చిన సంకేతపు బలాన్ని డీబీజెడ్ అనే కొలమానంలో చెబుతారు. ఇది సంవర్గమాన కొలమానం. 10 పెరిగితే పరావర్తనం 10 రెట్లయినట్లు, 20 పెరిగితే 100 రెట్లయినట్లు. సాధారణంగా తేలిక వానకు ఆకుపచ్చ, మోస్తరుకు పసుపు, భారీ వానకు ఎరుపు, అంతకు మించితే ముదురు గులాబీ రంగు వాడుతారు. అయితే ఏ విలువ వద్ద రంగు మారాలనేది అన్ని తెరలలో ఒకే విధంగా ఉండదు. వేరే విమానం ఎక్కినప్పుడు పైలట్ ముందుగా చూసుకోవలసినవాటిలో ఇదొకటి.

ఇన్ని రాడార్ల చిత్రాలను ఒక సంస్థ సేకరించి, అతుకులు కనపడకుండా కలిపి, దేశమంతటికీ ఒకే పటంగా చేస్తుంది. దీనిని మొజాయిక్ అంటారు. ఎక్స్ఎం అనే ఉపగ్రహ రేడియో సంస్థ 2001లో రాక్, రోల్ అనే ముద్దుపేర్లు గల రెండు ఉపగ్రహాలను ప్రయోగించి పాటలు ప్రసారం చేయసాగింది. ఆ పాటల వాహిని పక్కనే వాతావరణ సమాచారాన్ని కూడా పంపే సేవ కొద్దికాలానికే మొదలైంది. నెలసరి చందా కట్టి దీనిని పొందవచ్చు. 2005లో వచ్చిన గార్మిన్ జీపీఎస్‌మ్యాప్ 396 అనే చేతిలో పట్టే పరికరంతో ఈ సేవ అద్దె విమానాల పైలట్లకు కూడా అందింది. 2008లో ఎక్స్ఎం, సిరియస్ సంస్థలు విలీనమయ్యాయి. వాన పటంతో పాటు మెరుపుల స్థానాలు, మేఘాల శిఖరాల ఎత్తు, సెల్‌లు కదులుతున్న దిశ, విమానాశ్రయాల వాతావరణ నివేదికలు కూడా ఈ ప్రసారంలో వస్తాయి.

ఉపగ్రహం లేని మరొక మార్గం కూడా ఉంది. అమెరికా ఫెడరల్ విమానయాన పాలనా సంస్థ నేల మీది కేంద్రాల నుండి 978 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో ఎఫ్ఐఎస్-బి అనే ప్రసారాన్ని ఉచితంగా చేస్తుంది. దీనిని అందుకోవాలంటే విమానం కేంద్రానికి చూపుమేరలో ఉండాలి. కాబట్టి నేల మీద ఉన్నప్పుడు, కొండల చాటున తక్కువ ఎత్తులో ఎగిరేటప్పుడు ఇది అందకపోవచ్చు. ఉపగ్రహ ప్రసారం బయలుదేరడానికి ముందు, నేల మీద ఉండగానే అందుతుంది. ఎఫ్ఐఎస్-బిలో దగ్గరి ప్రాంతపు పటం 5 నిమిషాలకొకసారి, దేశవ్యాప్త పటం 15 నిమిషాలకొకసారి మారుతుంది; దేశవ్యాప్త పటంలో గడులు కూడా పెద్దవి. రెండూ ఒకే తెరపై పక్కపక్కన అతికించినట్లు కనిపించడం వల్ల, దూరాన ఉన్న వాన మొరటుగా, గడులు గడులుగా ఉంటుంది.

పటం వయసు

తెర మూలలో పటం వయసు నిమిషాలలో చూపబడుతుంది. ఈ అంకె దేని వయసు అన్నదే ప్రశ్న. అది మొజాయిక్ తయారైన సమయం నుండి లెక్కించినది. రాడార్ వానను చూసిన సమయం నుండి కాదు. ఉత్తరం మీది తపాలా ముద్ర, ఉత్తరం ఎప్పుడు వ్రాశారో చెప్పదు, ఎప్పుడు డబ్బాలోంచి తీశారో మాత్రమే చెబుతుంది. ఇదీ అంతే.

రాడార్ తన పరిశీలన పూర్తిచేయడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ ఫలితం సంస్థకు చేరాలి. సంస్థ తన నిర్ణీత వ్యవధి వచ్చేదాకా ఆగి, అప్పటికి తన వద్ద ఉన్నవాటితో మొజాయిక్ కడుతుంది. ఒక రాడార్ చిత్రం అప్పుడే వచ్చినదై ఉండవచ్చు, పక్క రాడార్‌ది పాతదై ఉండవచ్చు. కలిసిన తరువాత రెండింటికీ ఒకే వయసు. ఆ పిమ్మట ప్రసారం, స్వీకరణ. ఒక ప్రసారం తప్పిపోతే పాత పటమే తెరపై నిలిచి ఉంటుంది. ఇందులో ఉపగ్రహం వల్ల జరిగే ఆలస్యం చాలా తక్కువ. భూస్థిర కక్ష్య సుమారు 35,800 కిలోమీటర్ల ఎత్తున ఉన్నా, సంకేతం పైకి వెళ్ళి కిందికి రావడానికి సుమారు పావు సెకను చాలు. ఆకాశంలో అంత దూరం పావు సెకనులో దాటే సమాచారానికి నేల మీద నిమిషాలు పట్టడం విచిత్రంగానే ఉంటుంది.

అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2012 జూన్‌లో ఈ విషయమై పైలట్లకు ఒక భద్రతా హెచ్చరిక జారీ చేసింది. తెరపై కనిపించే వాతావరణం అక్కడ చూపిన వయసు కంటె ఎప్పుడూ పాతదే అని, అత్యంత ప్రతికూల సందర్భాలలో ఈ తేడా 15 నుండి 20 నిమిషాల వరకు ఉండగలదని అందులో పేర్కొంది.

దీని ప్రభావాన్ని ఒక ఊహాత్మక లెక్కతో చూడవచ్చు. ఒక చిన్న విమానం గంటకు 150 నాటికల్ మైళ్ళ వేగంతో, అనగా నిమిషానికి రెండున్నర మైళ్ళు ప్రయాణిస్తున్నదనుకుందాం. ముందు 25 మైళ్ళ దూరంలో రెండు ఎర్రని సెల్‌ల మధ్య 15 మైళ్ళ సందు తెరపై కనిపిస్తున్నది. వయసు 4 నిమిషాలు అని ఉన్నది. అసలు రాడార్ చూపు మరో 10 నిమిషాలు పాతది అనుకుంటే, చిత్రం వయసు 14 నిమిషాలు. సందు చేరడానికి 10 నిమిషాలు పడుతుంది. అంటే విమానం అక్కడికి చేరేసరికి, పైలట్ నమ్మిన చిత్రం వయసు 24 నిమిషాలవుతుంది. గంటకు 30 మైళ్ళ వేగంతో కదిలే సెల్ ఆ 24 నిమిషాలలో 12 మైళ్ళు జరుగుతుంది. సందు అక్కడ ఉండదు. పక్కకు జరిగి, అది ఉన్నచోట సెల్ ఉండవచ్చు. అంతేకాక, ఒక సెల్ మొలకెత్తి ప్రౌఢదశకు రావడానికి 24 నిమిషాలు చాలినంత వ్యవధి. చిత్రం తీసినప్పుడు నిజంగానే ఖాళీగా ఉన్న చోట, ఎక్కడి నుండీ కదిలి రాకుండానే, కొత్త గాలివాన పుట్టి ఉండవచ్చు.

ఈ పొరపాటుకు తెర రూపకల్పన కూడా కొంత కారణమని చెప్పవచ్చు. తెరపై విమానం గుర్తును జీపీఎస్ క్షణక్షణం జరుపుతూ ఉంటుంది. దాని కింద వాన పటం పాతది. వర్తమానంలోని విమానాన్ని గతంలోని మేఘం పక్కన నిలిపి చూపే పటం ఇది. గుర్తు కదులుతుండడం వల్ల పటం మొత్తం సజీవంగా ఉన్నదనే భ్రమ కలుగుతుంది. కాగితం మీద అచ్చువేసిన పటాన్ని చూసి ఎవరూ ఇలా మోసపోరు.

బ్రౌన్స్‌విల్, బ్రయన్ ప్రమాదాలు

2012 నాటి హెచ్చరికలో మండలి రెండు ప్రమాదాలను ప్రస్తావించింది. మొదటిది 2010 మార్చి 25న టెనెస్సీ రాష్ట్రంలోని బ్రౌన్స్‌విల్ సమీపంలో జరిగింది. ఒక వైద్యసేవల హెలికాప్టర్ రోగిని ఆసుపత్రిలో దింపి, తెల్లవారుజామున తన స్థావరానికి తిరిగి బయలుదేరింది. గాలివాన వస్తున్నదని పైలట్‌కు తెలుసు. దానికంటె ముందే చేరడానికి సుమారు 18 నిమిషాల వ్యవధి ఉన్నదని అతడు చెప్పాడు. కాక్‌పిట్‌లోని పటం ప్రకారం గాలివాన స్థావరానికి ఇంకా సుమారు 7 మైళ్ళ దూరంలో ఉన్నది. వాస్తవంలో ఆ సమయానికి అది స్థావరం మీదికి వచ్చేసింది. హెలికాప్టర్ కూలి పైలట్‌తో పాటు ఇద్దరు నర్సులు మరణించారు.

ఇక్కడ పైలట్ వాతావరణాన్ని నిర్లక్ష్యం చేయలేదన్నది గమనించదగిన విషయం. అతడు చూశాడు, లెక్క వేశాడు, నిర్ణయించుకున్నాడు. లెక్కలోని మొదటి అంకె మాత్రం నిజం కాదు. పటం లేకపోయి ఉంటే బహుశా రోగిని దింపిన చోటనే నేల మీద ఆగి, గాలివాన దాటిపోయే వరకు వేచి ఉండేవాడేమో.

రెండవది 2011 డిసెంబరు 19న టెక్సాస్‌లోని బ్రయన్ సమీపంలో జరిగింది. మేఘాలలో పరికరాల ఆధారంగా ఎగురుతున్న పైపర్ పీఏ-32 విమానం వర్షపు ప్రాంతంలో గాలిలోనే విరిగిపోయి, అందులోని ఐదుగురూ మరణించారు. ఈ విమానంలో కూడా నెక్స్‌రాడ్ పటం అందుతూ ఉండింది.

పటం చూపించని విషయాలు

వయసు సంగతి అటుంచితే, పూర్తిగా తాజాగా ఉన్న పటం కూడా కొన్నిటిని చూపించలేదు. రాడార్ చూసేది నీటి బొట్లను, వడగళ్ళను. గాలి కుదుపులను కాదు. వాన ఇంకా పడని ఎదుగుతున్న మేఘం పటంలో రాకపోవచ్చు, కాని దాని లోపల పైకి లేచే గాలి బలంగానే ఉంటుంది. గాలివాన ముందు నేల వెంబడి దూసుకువచ్చే చల్లని గాలి అంచు విమానాశ్రయాన్ని వాన కంటె ముందే చేరుతుంది.

భూమి గుండ్రంగా ఉండడం వల్ల, రాడార్ నుండి దూరం పెరిగేకొద్దీ కిరణం నేల నుండి పైకి పోతుంది. దూరాన తక్కువ ఎత్తులోని వాన కిరణం కిందనే ఉండిపోతుంది. అమెరికా పశ్చిమ రాష్ట్రాలలో కొండలు కిరణానికి అడ్డుపడతాయి. రాడార్ చూపు లేని ప్రాంతం, వాన లేని ప్రాంతం రెండూ ఖాళీలే. మంచి తెరలు చూపు లేని ప్రాంతాన్ని వేరే గీతలతో చూపిస్తాయి. అది గమనించే అలవాటు పైలట్‌కు ఉండాలి. సముద్రం మీద నేల రాడార్ల పటం తీరం నుండి కొంత దూరానికే ఆగిపోతుంది. అక్కడ నిజంగానే ఉపగ్రహ మేఘ చిత్రాల మీద, విమానంలోని రాడార్ మీద ఆధారపడాలి.

పటాలలో రెండు రకాలు ఉంటాయి. రాడార్ యొక్క అతి తక్కువ కోణంలో కనిపించినది ఒక రకం. అన్ని ఎత్తులలో కనిపించినవాటిలో గరిష్ఠ విలువను తీసుకొనేది మరొక రకం. రెండవ దానిలో వాన ఎక్కువ వెడల్పుగా కనిపిస్తుంది. ఆ వాన ఏ ఎత్తులో ఉన్నదో మాత్రం తెలియదు. ఏ రకం పటం తన ముందున్నదో తెలియకుండా రెండు తెరలను పోల్చడం నిష్ఫలం.

ఉపయోగించే విధానం

ఈ పటాన్ని దూరపు ఆలోచనకే వాడాలి, దగ్గరి తప్పించుకోవడానికి వాడరాదు అనేది విమానయాన శిక్షణలో అంగీకరించిన సూత్రం. అనగా, గంట ప్రయాణ దూరంలో గాలివానల వరుస ఉన్నదని తెలిస్తే, ఏ వైపు నుండి చుట్టివెళ్ళాలి, ఇంధనం చాలుతుందా, దారిలో ఎక్కడ దిగవచ్చు, అసలు ఈ రోజు బయలుదేరాలా అనే ప్రశ్నలకు పటం చక్కని సాయం. రెండు సెల్‌ల మధ్య దూరి వెళ్ళడానికి అది పనికిరాదు. అందుకు కంటి చూపు లేదా విమానంలోని సొంత రాడార్ కావాలి.

తీవ్రమైన గాలివానకు కనీసం 20 మైళ్ళ దూరంగా ఉండాలని ఫెడరల్ విమానయాన పాలనా సంస్థ సలహా. ఈ లెక్కన రెండు తీవ్రమైన సెల్‌ల మధ్య 40 మైళ్ళు లేనిదే వాటి మధ్యకు వెళ్ళరాదు. పై ఉదాహరణలోని 15 మైళ్ళ సందు తాజా పటంలో కనిపించినా పనికిరాదన్నమాట. ఒక ప్రాంతంలో పదింట ఆరు వంతులు గాలివానలు ఉంటే ఆ ప్రాంతం మొత్తాన్ని చుట్టివెళ్ళాలి. శిఖరం 35,000 అడుగులు దాటిన గాలివానను అత్యంత ప్రమాదకరంగా పరిగణించాలి.

సెల్‌లు ఎటు కదులుతున్నాయో తెలుసుకోవడానికి వరుస చిత్రాలను ఒకదాని తరువాత ఒకటి నడిపించి చూడడం ఉపయోగకరం. ఒక్క చిత్రం చెప్పని సంగతి, ఈ గాలివాన పెరుగుతున్నదా తగ్గుతున్నదా అనేది, నాలుగైదు చిత్రాలు చెబుతాయి. వీలైనంత వరకు సెల్ వెనుక వైపు నుండి, అనగా అది వదలి వెళ్ళిన వైపు నుండి చుట్టివెళ్ళడం మంచిది. దాని ముందు నుండి దాటడమంటే దానితో పందెం వేయడమే. బ్రౌన్స్‌విల్‌లో జరిగినది అదే. వానలు విస్తరించిన రోజున మేఘాల లోపల ఎగరకుండా, గాలివానలను కంటితో చూడగల ఎత్తులో లేదా మార్గంలో ఉండడానికి అనుభవజ్ఞులు ప్రయత్నిస్తారు. పటంలో ఖాళీగా ఉన్నచోట ఎదురుగా నల్లని మేఘం కనిపిస్తే కంటినే నమ్మాలి. నియంత్రకుని వద్ద ఉన్న వాతావరణ చిత్రం వేరుగా ఉండవచ్చు గనుక అడగడంలో సంకోచం పనికిరాదు.

ఇంత చేసినా గాలివానలోకి ప్రవేశించినట్లయితే, వెనక్కు మళ్ళడం సాధారణంగా మంచిది కాదని శిక్షణ గ్రంథాలు చెబుతాయి. మలుపు తిరిగేటప్పుడు రెక్కల మీద భారం పెరుగుతుంది, లోపల ఉండే సమయమూ పెరుగుతుంది. వేగాన్ని కుదుపులకు తగిన స్థాయికి తగ్గించి, ఎత్తు కొంత పెరిగినా తగ్గినా పట్టించుకోక, రెక్కలను సమంగా ఉంచి నేరుగా బయటపడాలి.

భారతదేశంలో

పైన వివరించిన ఎక్స్ఎం సేవ ఉత్తర అమెరికాకు పరిమితం. భారత వాతావరణ విభాగానికి చెన్నై, మచిలీపట్నం, విశాఖపట్నం, హైదరాబాదు మొదలైన చోట్ల డాప్లర్ రాడార్లు ఉన్నాయి. శ్రీహరికోటలో కూడా ఒక డాప్లర్ రాడార్ ఉన్నది. వీటి చిత్రాలను వాతావరణ విభాగం అంతర్జాలంలో ఉంచుతుంది. ఇన్సాట్-3డీ, ఇన్సాట్-3డీఆర్ ఉపగ్రహాలు ఒక్కొక్కటి అర్ధగంటకొక మేఘ చిత్రం పంపేలా, రెండూ కలిసి పావుగంటకొకటి అందేలా ఏర్పాటు చేశారు. ఏప్రిల్, మే నెలలలో తెలంగాణ, ఆంధ్ర ప్రదేశ్‌లలో సాయంత్రం పూట వడగళ్ళతో వచ్చే గాలివాన పావుగంటలో రూపం మార్చుకోగలదు కాబట్టి, బయలుదేరే ముందు చూసుకున్న చిత్రానికి కూడా వయసు లెక్క వర్తిస్తుంది.

2009 సెప్టెంబరు 2న ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ముఖ్యమంత్రి వై.యస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టర్ బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు వెళ్తూ నల్లమల అడవులలో కూలిపోయి, అందులోని ఐదుగురూ మరణించారు. తీవ్రమైన, కిందికి దిగే గాలిలో ప్రవేశించి నియంత్రణ కోల్పోవడం సంభావ్య కారణమని దర్యాప్తు తెలిపింది. ట్రాన్స్‌మిషన్ చమురు పీడనపు సమస్య మీద పైలట్ల దృష్టి చాలాసేపు నిలిచిపోయిందని, ప్రతికూల వాతావరణంలో ప్రయాణాన్ని విరమించలేదని కూడా పేర్కొంది.

ముందుగా చూడగలిగినా తప్పుకునే చోటు లేని సందర్భాలు ఉంటాయి. 2025 మే 21న ఢిల్లీ నుండి శ్రీనగర్ వెళ్తున్న ఇండిగో విమానం పఠాన్‌కోట్ సమీపంలో వడగళ్ళ వానలో చిక్కుకుంది. పైలట్లు అంతర్జాతీయ సరిహద్దు వైపు మళ్ళడానికి అనుమతి కోరగా లభించలేదని, లాహోర్ కేంద్రం కూడా నిరాకరించిందని పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ తెలిపింది. విమానం ఆ మేఘం గుండానే వెళ్ళింది. ముక్కు భాగం దెబ్బతిన్నప్పటికీ శ్రీనగర్‌లో సురక్షితంగా దిగింది.